సముద్రం ఎర్రబడింది, పంజరాల్లో పండుగప్ప తలలెత్తుతోంది. ఏం చేయాలి?

ప్రశ్న: విశాఖకు ఉత్తరంగా, ఒడ్డుకు కిలోమీటరు దూరంలో మాకు ఆరు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల లోతున్న గుండ్రటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పంజరాలు నాలుగు ఉన్నాయి. ఒక్కోదాంట్లో దాదాపు వెయ్యి పండుగప్పలు, కిలో సైజుకు వచ్చాయి. మార్చి రెండో వారం నుంచి మధ్యాహ్నానికల్లా నీళ్లు ఎర్రబడుతున్నాయి. రాత్రి తెడ్డు వేస్తే నీలం వెలుగు వస్తోంది. నిన్న తెల్లవారుజామున చేపలు తలలెత్తాయి, ఒక పంజరంలో అరవై దాకా చచ్చాయి. మొప్పల మీద జిగురుంది. మందులమ్మే ఆయన మైలుతుత్తం చల్లమన్నాడు, ఇంకొకరు సున్నం అన్నారు. బతికినవి అమ్ముకోవచ్చా? ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపల్ని, రాళ్ల మీది ఆల్చిప్పల్ని ఊళ్లోవాళ్లు ఏరుకుపోతున్నారు. తినొచ్చా? వచ్చే ఏడాది ముందే పసిగట్టే మార్గం ఉందా?

సమాధానం: మైలుతుత్తం వద్దు, సున్నం అసలే వద్దు. మేత ఈ పూటే ఆపేయండి. ఈ సమాధానం మీకు చేరేసరికి ఆ ఎర్రనీళ్లు తరలిపోయి ఉండొచ్చు. అయినా మేత ఆపే ఉంచండి, ఎందుకో కింద చెబుతాం.

మేత తిన్న చేప దాన్ని అరిగించుకోవడానికి అదనంగా ఆక్సిజన్ వాడుకుంటుంది. మేత కోసం పైకి వస్తుంది కూడా. ఎర్రనీరు దట్టంగా ఉండేది ఆ పైపొరలోనే. కిలో సైజు పండుగప్ప వారం పస్తున్నా బరువు కాస్త తగ్గుతుందంతే. చిక్కితే మళ్లీ మేపుకోవచ్చు.

ఇక ఆక్సిజన్ కొలవాలి. పగలు కొలిచి ‘బాగానే ఉంది’ అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఆ ఎర్రదనం పాచిది, అంటే నీళ్లలో తేలే చిన్నచిన్న జీవాలది. ఎండలో పాచి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున 3 నుంచి 6 గంటల మధ్య కొలవండి. పంజరం లోపల, పంజరానికి ఇరవై మీటర్లు అవతల, రెండు చోట్లా పైన, రెండు మీటర్ల లోతులో, నాలుగు మీటర్ల లోతులో రీడింగ్ తీసుకోండి. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటర్లో ఉప్పదనం సెట్ చేశారో లేదో చూసుకోండి. చెరువుల్లో వాడిన మీటర్‌ను ఉప్పదనం సున్నా మీదే ఉంచి సముద్రంలో ముంచితే దాదాపు ఐదోవంతు ఎక్కువ చూపిస్తుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములని చూపించినా నిజంగా ఉన్నది 4కి కాస్త పైన, అంతే. 30 డిగ్రీల వేడిలో సముద్రపు నీరు పూర్తిగా తీసుకోగల ఆక్సిజనే లీటరుకు 6.2 మిల్లీగ్రాముల చిల్లర కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

ఆ అంకెల్ని బట్టి తర్వాతి పని తేలుతుంది. బయట 5 ఉండి లోపల 3 ఉంటే తప్పు పాచిది కాదు, మీ వలది. నాచు, గుల్లలు పట్టి కళ్లు పూడుకుపోయి నీరు ఆడడం లేదు. లోపలా బయటా రెండూ 3 దగ్గరుంటే పాచి ఆక్సిజన్ తినేస్తోంది, గాలి కొడితే చేపలు నిలబడతాయి. లోపలా బయటా 5 ఉన్నా చేపలు చస్తున్నాయంటే అది ఊపిరాడక కాదు. పాచిలోని విషమో, మొప్పల్ని కోసే జాతో, అమ్మోనియానో కారణం. అప్పుడు ఎన్ని ఏరియేటర్లు పెట్టినా ఫలితం అంతంతమాత్రమే. చేపల్ని పట్టేయడమో, పంజరాన్ని జరపడమో మిగిలిన దారులు. ఈ తేడా తేల్చుకోకుండా డబ్బు ఖర్చుపెట్టకండి.

మీ ఉత్తరంలోని నీలం వెలుగును బట్టి మా మొదటి అనుమానం నాక్టిలూకా సింటిలాన్స్ మీద. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌లలో అలలు నీలంగా మెరిసింది దీనివల్లే. ఇది పాచి జాతుల్లో పెద్దది, ఒక్కో కణం 0.2 నుంచి 2 మిల్లీమీటర్లుంటుంది, కంటికి కనిపిస్తుంది. తెల్లటి గాజు సీసాలో ఎర్రనీరు పట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, ఎండకు ఎదురుగా పెట్టి చూడండి. సగ్గుబియ్యం లాంటి నున్నటి గింజలు మెడ దగ్గరకు తేలితే నాక్టిలూకాయే. గింజలకు బదులు రంపపు పొట్టు లాంటి నూలు కట్టలు తేలితే అది ట్రైకోడెస్మియం. ఫిబ్రవరి నుంచి మే దాకా మన సముద్రాల్లో మామూలుగా వచ్చేదే. సీసాలో ఏమీ కనిపించక, నీళ్లు మాత్రం ఒకే రంగులో నిలిచి ఉంటే జాగ్రత్త పడాలి. సీసా కింది సగానికి నల్లగుడ్డ చుట్టి అరగంట ఎండలో ఉంచండి. రంగు పైసగంలోకి చేరితే, తోకలతో ఈదే సూక్ష్మజాతి ఏదో ఉన్నట్టు. ఛాటోనెల్లా, కాక్లోడినియం, కెరీనియా ఇలాంటివే, చేపల్ని చంపడంలో పేరుమోసినవి. ఛాటోనెల్లా 1972లో జపాన్ సెటో లోతట్టు సముద్రంలో 1.4 కోట్ల పెంపకపు చేపల్ని చంపింది. ఈ మూడింటిలో మీరు చెప్పిన నీలం వెలుగు ఉండదు. అయితే వెలుగు వచ్చినంత మాత్రాన ఇవి లేవని కాదు, ఒకే నీటిలో రెండు మూడు జాతులు కలిసి ఉండొచ్చు. సీసా పరీక్ష దారి చూపడానికే. పేరు తేల్చేది మైక్రోస్కోపు.

శాంపిల్ రెండు రకాలుగా పట్టాలి. ఒకటి ల్యూగోల్ (శాంపిల్ చెడకుండా ఉంచే అయొడిన్) ద్రావణం కలిపింది, ఇంకోటి ఏమీ కలపనిది. ల్యూగోల్ తయారీకి 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్లో ముందు 10 గ్రాముల పొటాషియం అయొడైడ్ కరిగించి, ఆ తర్వాతే 5 గ్రాముల అయొడిన్ వేయండి. వరస మారితే అయొడిన్ కరగదు. 200 మిల్లీలీటర్ల నీటికి 2 మిల్లీలీటర్లు చాలు, రంగు పలచటి టీ రంగుకు వస్తే సరిపోయినట్టు. ముదురు రంగు సీసాలో పోసి నీడలో ఉంచండి. ఛాటోనెల్లా లాంటి పైపొర లేని కణాలు ల్యూగోల్ తగలగానే పగిలిపోతాయి, లేబులో చూసేసరికి ఏమీ మిగలదు. పచ్చి శాంపిల్ కావాలనేది అందుకే. దాన్ని ఐసులో పెట్టకండి, ఆ చలికే చస్తాయి. ముప్పావు వంతే నింపి, నీడపట్టున ఉంచి, అదే రోజు చేర్చండి. పైనీరు ఒక సీసా, పంజరం మధ్య లోతు నీరు ఒక సీసా పట్టాలి. చాలా జాతులు పగలు పైకి, రాత్రి కిందికి ఈదుతాయి కాబట్టి ఏ వేళకు పట్టారో సీసా మీద రాయాలి.

మొప్పల శాంపిల్ కూడా కావాలి. చచ్చి గంటలైన చేప మొప్పల మీద జిగురు ఎలాగూ చేరుతుంది, దాన్నిబట్టి ఏదీ చెప్పలేం. కొట్టుకుంటున్న చేపను పట్టి, మొప్ప కొమ్మ ఒకటి కోసి, దానికి పదింతలు ఫార్మలిన్ ద్రావణంలో వేయండి. బజారులో దొరికే ఫార్మలిన్ ఒక వంతు, సముద్రపు నీరు తొమ్మిది వంతులు. కీటోసెరాస్ అనే పాచిలో కొన్ని జాతుల సన్నటి ముళ్లు మొప్పల్లో దిగి విరుగుతాయి. అలాంటిది నీటి శాంపిల్లో కొద్దిగానే ఉంటుంది, మొప్పలోనే దొరుకుతుంది. విశాఖలోనే సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాఖ, ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉన్నాయి కాబట్టి మీకు దూరాభారం లేదు. మత్స్యశాఖ అధికారికి కూడా అదే రోజు రాతపూర్వకంగా తెలపండి. పరిహారమో, బీమానో అడగాల్సి వస్తే, పూడ్చకముందు తీసిన ఫొటోలు, చేపల లెక్క, తెల్లవారుజాము డీవో రీడింగులు, ఇవే మీ ఆధారాలు.

అది నాక్టిలూకాయే అని తేలిందనుకుందాం. నాక్టిలూకా చేపల్ని చంపే విషం తయారుచేయదు. దాని కణం నిండా అమ్మోనియా ఉంటుంది, ఆ కణం తేలడానికి అదీ ఒక కారణం. లక్షల కణాలు ఒక్కసారి చితికితే ఆ అమ్మోనియా నీళ్లలోకి వస్తుంది. రొయ్యల చెరువుల్లో వాడే అమ్మోనియా కిట్ ఉప్పునీటికి పనికొచ్చేదైతే దానితోనే చూడండి. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. సముద్రపు పీహెచ్ 8.2, వేడి 30 డిగ్రీలు ఉంటే అందులో సుమారు పదోవంతు విషపు రూపంలో ఉంటుంది. కిట్ 1 చూపిస్తే 0.1 అన్నమాట, మొప్పలు దెబ్బతిన్న చేపకు అది ఎక్కువే.

సున్నం అసలే వద్దన్నది ఇందుకే. సున్నం పీహెచ్ పెంచుతుంది, పీహెచ్ పెరిగితే ఆ పదోవంతు కాస్తా ఐదోవంతు, ఇంకా పైకి పోతుంది. మీ చేపల్ని మీరే చంపుకున్నట్టు. మైలుతుత్తం సంగతికొస్తే, 1957లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో ఎర్రనీటి మీద విమానాలతో చల్లి చూశారు. అప్పటికి తగ్గినట్టే తగ్గి, రెండు వారాలు తిరక్కుండానే పాచి మళ్లీ వచ్చింది. లెక్క వేసినా తేలిపోయే విషయమే. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, రెండు మీటర్ల మందం ఉన్న ఎర్రనీటి పట్టీలో 20 లక్షల ఘనపు మీటర్ల నీరుంటుంది. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము చొప్పున కలపాలన్నా రెండు టన్నుల మైలుతుత్తం కావాలి, ఆ నీరేమో గంటలో పక్కకు జరిగిపోతుంది. పంజరం చుట్టూ మాత్రమే చల్లితే మైలుతుత్తంలోని రాగి మొప్పలకు తగులుతుంది, పగిలిన పాచి లోపలి సరుకంతా మీ వలలోనే కలుస్తుంది.

దక్షిణ కొరియాలో కాక్లోడినియం మీద పసుపు బంకమట్టి చల్లుతారు, చదరపు మీటరుకు 100 నుంచి 400 గ్రాముల దాకా. మట్టి రేణువులు కణాలకు అంటుకుని అడుక్కి లాగుతాయి. వాళ్లకు ప్రత్యేకమైన పడవలు, ప్రభుత్వ అజమాయిషీ ఉన్నాయి. తేలే స్వభావమున్న నాక్టిలూకా మీద దాన్ని నమ్ముకోలేం. మన ఊరి ఎర్రమట్టిని బస్తాలతో కుమ్మరిస్తే మొప్పల్లో బురద చేరడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

గాలి కొట్టడంలోనూ మెలకువ ఉంది. చెరువుల్లోని చక్రాల ఏరియేటర్ పంజరానికి పనికిరాదు. అది పైపొరనే చిలుకుతుంది, కణాల్ని చితక్కొడుతుంది. నాలుగు మీటర్ల అడుగున సన్నబుడగల డిఫ్యూజర్ గొట్టం రింగులా పరిచి, పడవ మీది బ్లోవర్‌తో గాలి పంపండి. అయితే ముందు కొలిచిన అంకెలు చూసుకోవాలి. అడుగు నీటిలో ఆక్సిజన్ పైనకంటే తక్కువుంటే ఆ రింగు చెడ్డనీటినే పైకి తోడుతుంది, అప్పుడు దాన్ని రెండు మీటర్లకు ఎత్తండి. ఆక్సిజన్ సిలిండర్ వాడతామంటే లెక్క ఇలా ఉంటుంది. ఏడు ఘనపు మీటర్ల సిలిండర్‌లో దాదాపు 9 కిలోల ఆక్సిజన్ ఉంటుంది. బుడగ ఎంత సన్ననిదైనా ఈ లోతులో పావువంతు కరిగితే గొప్ప, అంటే రెండు కిలోల చిల్లర. పస్తున్న చేప కిలోకు గంటకు 200 మిల్లీగ్రాములు వాడుతుందనుకుంటే, మీ పంజరంలోని టన్ను చేపకు గంటకు 200 గ్రాములు కావాలి. నీరు నిలకడగా ఉంటే ఒక సిలిండర్ ఒక రాత్రికి వస్తుంది. ప్రవాహం ఉంటే కొట్టుకుపోయేదే ఎక్కువ, కానీ ప్రవాహం బాగుంటే సిలిండర్ అవసరం కూడా అంతగా ఉండదు.

పంజరం చుట్టూ టార్పాలిన్ కట్టమనే సలహా కూడా మీకు వస్తుంది. చలి దేశాల సాల్మన్ పంజరాలకు అలా కట్టి, కింది మంచినీటిని లోపలికి తోడతారు. వాళ్ల వలలు మీ వాటికంటే చాలా లోతైనవి. మీ పంజరంలో పట్టేది దాదాపు 113 ఘనపు మీటర్ల నీరు. చుట్టూ మూసేస్తే పైన చెప్పిన టన్ను చేప గంటకు లీటరుకు 1.8 మిల్లీగ్రాముల చొప్పున ఆక్సిజన్ లాగేస్తుంది. తెల్లవారుజామున 5 దగ్గర మూస్తే రెండు గంటల్లో అన్నీ చస్తాయి. గాలి ఏర్పాటు పక్కాగా లేనిదే టార్పాలిన్ జోలికి పోకండి.

పంజరం జరపడం సాధ్యమే గానీ, లంగర్లు విప్పడం, కట్టడం మంచిరోజుల్లో ఒకసారి చేసి చూసుకున్నవాళ్లకే సాధ్యం. గంటకు కిలోమీటరు మించకుండా లాగాలి. వేగం పెరిగితే వల వెనక్కి ముడుచుకుని చేపలు దాని మీద నొక్కుకుపోతాయి. పట్టీ అంచు ఎక్కడో పడవ మీద వెళ్లి చూశాకే బయలుదేరండి. ఇంకో ఎర్రపట్టీలోకి లాక్కెళ్లిన సందర్భాలూ లేకపోలేదు.

అమ్మకం విషయం. ఆక్సిజన్ తగ్గడం వల్లో, నాక్టిలూకా వల్లో ఇబ్బందిపడుతున్నా ప్రాణంతో ఉన్న చేపను పట్టి, వెంటనే ఐసునీళ్లలో వేసి, కడుపులో సరుకు, మొప్పలు తీసి అమ్ముకోవచ్చు. సగం పంజరం పోయేలా ఉందనిపిస్తే ధర కోసం చూడకండి, తెల్లారేలోపు పట్టేయండి. జాతి పేరు తేలకపోతే మాత్రం ఫలితం వచ్చేదాకా అమ్మకం ఆపండి. చచ్చి తేలిన చేపను అమ్మొద్దు, ఎండుచేపగా మార్చొద్దు, కోళ్లకూ పెట్టొద్దు. రోజుకు రెండుసార్లు వల అడుగునుంచి తీసి, ఒడ్డున ఆటుపోటు అందని చోట గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. సున్నం పనికొచ్చేది అక్కడే.

ఊళ్లోవాళ్లకు ఇంకాస్త గట్టిగా చెప్పండి. చేపకంటే ఆల్చిప్పలు, గుల్లలు ప్రమాదం. అవి రోజంతా నీటిని వడకట్టి, అందులోని పాచి విషాన్ని కండలో పోగేసుకుంటాయి, వాటికి మాత్రం ఏమీ కాదు. 1997 సెప్టెంబరులో కేరళలోని విళింజంలో ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. 1981లో తమిళనాడులోనూ గుల్లలు తిని ముగ్గురు చనిపోయారు. ఆ విషం ఉడికించినా, వేయించినా, చింతపండు పులుసు పెట్టినా పోదు. వాసన రాదు, రుచి మారదు. అరగంట నుంచి రెండు గంటల్లో పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతాయి, తర్వాత వేళ్లు, ఆ తర్వాత ఊపిరి కండరాలు. విరుగుడు మందు లేదు. ఊపిరి అందించే యంత్రం ఉన్న ఆసుపత్రికి చేరితే మనిషి దక్కుతాడు. తిమ్మిరి మొదలవగానే 108కి ఫోన్ చేయాలి, నాటువైద్యం పేరుతో గంట పోగొట్టుకోకూడదు. నీళ్ల రంగు మామూలుగా మారాక కూడా గుల్లల్లో విషం వారాల తరబడి ఉండొచ్చు. లేబులో పరీక్షించి పర్వాలేదనే దాకా రాళ్లమీది ఆల్చిప్పల్ని ముట్టుకోవద్దు.

మేత ఆపే ఉంచమన్నది ఇందుకు. ఎర్రనీరు పలచబడ్డాక రెండో దెబ్బ ఉంటుంది. చచ్చిన పాచి కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా ఆక్సిజన్ తినేస్తుంది. చాలామంది ఏరియేటర్లు తీసేసి ఊపిరి పీల్చుకున్న రాత్రే మిగతా సరుకు పోగొట్టుకుంటారు. వరుసగా మూడు తెల్లవారుజాములు 4.5కు పైన ఉంటేనే మేత మొదలుపెట్టండి. మొదటిరోజు పావువంతు, రెండ్రోజుల తర్వాత సగం. దెబ్బతిన్న మొప్పలు మానడానికి వారాలు పడుతుంది, ఈలోపు గ్రేడింగు (సైజులవారీగా వేరుచేయడం), వల మార్పిడి పెట్టుకోకండి.

వచ్చే ఏడాది సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మీ తీరంలో అడుగునీరు పైకి ఉబికి పోషకాలు తెస్తుంది. ముందు డయాటమ్‌లు (గాజులాంటి పెంకున్న సన్నటి పాచి) పెరుగుతాయి, వాటిని తింటూ నాక్టిలూకా పెరుగుతుంది. అందువల్ల మొదటి హెచ్చరిక ఎర్రరంగు కాదు, దానికి వారం పది రోజుల ముందు వల తాళ్లకు పట్టే గోధుమరంగు జిగురు. అది చేతికి తగిలిన రోజు నుంచి ప్రతి తెల్లవారుజామూ డీవో చూడండి. రోజూ ఒకే వేళకు సెక్కి పళ్లెం (నీటి తేటదనం చూడటానికి తాడుతో దించే పళ్లెం) దించి ఎంత లోతు దాకా కనబడుతుందో రాసుకోండి. మూడు మీటర్లు కనబడేది ఒకటిన్నరకు పడిపోతే మేత సగానికి దించండి. ఆ నెలల్లో తీరం వెంబడి ప్రవాహం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. కాబట్టి మీకు కబురు అందాల్సింది అనకాపల్లి, కాకినాడ వైపు పడవలవాళ్ల నుంచి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రవాహం తిరగబడుతుంది, అప్పుడు భావనపాడు, గోపాల్‌పూర్ వైపు వాళ్లను అడగాలి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2020 నుంచి ఉపగ్రహాల సాయంతో పాచి బ్లూమ్ (ఒక్కసారిగా దట్టంగా పెరగడం) సమాచారం ఇస్తోంది. వాళ్లు ప్రత్యేకంగా గమనించే చోట్లలో గోపాల్‌పూర్ తీరం ఒకటి. మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహానికి నీరు కనబడదు, ఒడ్డు దగ్గరి బురదనీరు కూడా లెక్క తప్పిస్తుంది. అందువల్ల మ్యాప్‌లో ఏమీ లేదంటే సముద్రంలో ఏమీ లేదని కాదు. జనవరి చివరికి వలలు మార్చేసి, మార్చి రెండో వారంలోపు పెద్ద సైజు చేపను సగమైనా అమ్మేసుకుంటే, ఒక్కో పంజరంలో టన్నుకు బదులు అరటన్ను ఉంటుంది. పైన వేసిన ఆక్సిజన్ లెక్కలన్నీ అప్పుడు సగమవుతాయి.